సద్దు వినపడతాది, మాట తెలియదు

చిత్తూరు పల్లెల్లో వినికిడి తగ్గిన పెద్దవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "సద్దు వినపడతాది నాయనా, మాట తెలియదు." రోగాన్ని ఇంత సరిగ్గా చెప్పే రిపోర్టు ఇంకోటి ఉండదు. వయసు మీదపడితే లోపలి చెవిలో ముందుగా దెబ్బతినేవి సన్నని, హెచ్చు శ్రుతి శబ్దాలను పట్టే రోమకణాలు. అచ్చుల బలం ఎక్కువగా కింది శ్రుతుల్లో, సుమారు 1000 హెర్ట్జ్‌ లోపు ఉంటుంది. స, శ, త, క లాంటి హల్లుల జాడ అంతకు చాలా పైన. పాట, పాత, పాక అని మూడు మాటలు చెబితే తాతకు మూడూ ఒక్కటే, "ఆ... అ". కుప్పం వైపు గ్రానైట్‌ కోత యంత్రాల దగ్గర ఏళ్ల తరబడి చెవికి అడ్డు లేకుండా పనిచేసినవాళ్లకైతే ఈ నష్టం నడివయసులోనే రావచ్చు, అదీ ముందుగా 4000 హెర్ట్జ్‌ చుట్టుపక్కల.

చెవి మిషన్‌ చరిత్రంతా ఈ ఒక్క ఫిర్యాదుతో పెనుగులాటే. మొదట్లో కొమ్ము ఆకారపు బూరలు ఉండేవి. 1898లో అమెరికాలో మిల్లర్‌ రీస్‌ హచిసన్‌ టెలిఫోన్‌లోని కార్బన్‌ మైకునే వాడి అకూఫోన్‌ తయారుచేశాడు. ఆయన పరికరాన్ని ఇంగ్లండు రాణి అలెగ్జాండ్రా కూడా వాడింది. కానీ కార్బన్‌ మిషన్లో గరగర ఎక్కువ, పై శ్రుతులు తక్కువ, అంటే సద్దే తప్ప మాట తేలదు. తర్వాత వాల్వులు వచ్చాయి. శబ్దం బాగుపడింది గానీ, బ్యాటరీల బరువు మోయాలి.

మలుపు ట్రాన్సిస్టర్‌తో వచ్చింది. రేడియో కంటే ముందే, 1952 డిసెంబరులో, సోనోటోన్‌ 1010 అనే చెవి మిషన్లోకి అది ఎక్కింది. బధిరుల కోసం పాటుపడిన అలెగ్జాండర్‌ గ్రాహం బెల్‌ గౌరవార్థం బెల్‌ లేబొరేటరీస్‌ ఈ మిషన్ల తయారీదారుల దగ్గర పేటెంటు రాయల్టీ వసూలు చేయలేదు. ఒక సంస్థ లాభం వదులుకున్నందుకు లక్షలమంది చెవులకు మేలు జరిగింది. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో ఉండాలని నా కోరిక. 1964లో ఇంటిగ్రేటెడ్‌ సర్క్యూట్‌ చెవి మిషన్లోకి వచ్చింది, 1996లో పూర్తిగా డిజిటల్‌ మిషన్లు అంగట్లోకి వచ్చాయి.

డిజిటల్‌ రాకతో అసలు మార్పు కనిపించింది. ఈ మిషన్‌ శబ్దాన్ని శ్రుతుల వారీగా పాయలు చేసి, ఎక్కడ వినికిడి తగ్గిందో అక్కడే పెంచుతుంది. ఇంకో చిక్కుకూ మందు దొరికింది. లోపలి చెవి చెడినవాళ్లకు మెల్లగా అంటే వినపడదు, కాస్త గట్టిగా అంటే "అరవద్దు" అంటారు. డిజిటల్‌ మిషన్‌ మెల్లని మాటను బాగా లేపి, పెద్ద శబ్దాన్ని అదుపులో పెడుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో డప్పుల మధ్య నిలబడినా చెవి పగిలినట్టు అనిపించకుండా చూడడం దాని పనే.

ఎక్కడ వినికిడి తగ్గిందో తెలిస్తేనే మిషన్‌ అలా పనిచేస్తుంది, అందుకే ఎంపిక అంగట్లో మొదలుకాకూడదు. ముందు చెవి డాక్టరును చూడాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. గుబిలి అడ్డుపడినా, కర్ణభేరికి చిల్లు పడినా మిషన్‌ లేకుండానే నయం కావచ్చు. ఆ తర్వాత ఆడియోగ్రామ్‌: 250 నుంచి 8000 హెర్ట్జ్‌ దాకా ఏ శ్రుతి ఎన్ని డెసిబెల్స్‌ దగ్గర వినపడుతుందో గీసే పటం. అది లేకుండా మిషన్‌ అమ్మేవాళ్లను నమ్మవద్దు. పరీక్ష చేసేవాళ్లకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో అడగండి.

చాలామంది అడిగేది "బయటికి కనపడనిది ఇవ్వండి" అని. నా అభిప్రాయంలో అది ఆఖరున అడగాల్సిన మాట. చెవిలో ఇమిడే బుల్లి మిషన్‌కు చిన్న 10 నంబరు బ్యాటరీ. వణికే వేళ్లతో దాన్ని మార్చడం నరకం. చెవిలో చీము కారేవాళ్లకు రంధ్రాన్ని మూసేసే మిషన్‌ కీడు చేస్తుంది. నష్టం తీవ్రంగా ఉంటే చెవి వెనక పెట్టేదే సరైనది. బ్యాటరీ పెద్దది, శక్తి ఎక్కువ. ఈ జింక్‌-ఎయిర్‌ బ్యాటరీల మీద రంగు స్టిక్కరు ఉంటుంది. పీకగానే సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి వెళ్లి రసాయన చర్య మొదలవుతుంది. నిమిషం ఆగి మిషన్లో పెట్టాలి. పొద్దున వాడదామని రాత్రే పీకితే ఆయుష్షు తగ్గుతుంది, స్టిక్కరు మళ్లీ అంటించినా పెద్దగా లాభం లేదు.

మిషన్‌ చెవిలో సరిగ్గా కుదిరేందుకు పోసే చెవి అచ్చు సంగతి ఎవరూ పట్టించుకోరు. మెత్తని ముద్దను సిరంజితో చెవిలో నింపి, అది గట్టిపడే దాకా నోరు కదపకుండా కూర్చోబెడతారు. ఆ పోత సరిగ్గా కుదరకపోతే శబ్దం బయటికి కారి మైకులోకి తిరిగొచ్చి కీచుమంటుంది. "మిషన్‌ పాడైంది" అని పెట్టెలో పడేసే వాటిలో ఎన్నో పాడవలేదు, అచ్చు వదులైంది, అంతే.

పెద్దల సంగతి ఇలా ఉంటే, పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు ఇంకో తొందర ఉంది. మాటలు వచ్చే వయసు దాటకముందే శబ్దం అందాలి. తిరుపతిలో టీటీడీ నడిపే 'శ్రవణం' ప్రాజెక్టులో చిన్నపిల్లలకు మిషన్‌ పెట్టి మాటలు నేర్పడంతో పాటు తల్లులకూ శిక్షణ ఇస్తారు. ఇంట్లో రోజంతా బిడ్డతో మాట్లాడేది అమ్మే గనక. చెవి పెరిగే కొద్దీ పాత అచ్చు చాలదు. కొన్ని నెలలకోసారి మళ్లీ ముద్ద, మళ్లీ కొత్త అచ్చు.