గాలం వేసే ముందు ఆ చెరువు ఎవరిదో అడగాలి

దిల్‌సుఖ్‌నగర్ వాసులకు కూతవేటు దూరంలో ఉన్న నీళ్లు సరూర్‌నగర్ చెరువు. 1626లో తవ్వించిన ఆ చెరువులోకి దశాబ్దాలుగా చుట్టుపక్కల కాలనీల మురుగు చేరింది. మురుగులోని భారలోహాలు చేప కండలో పేరుకుంటాయి కాబట్టి అక్కడ పట్టింది వండుకోవడం మంచిది కాదు. గాలం సరదా తీరాలంటే ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డెక్కాల్సిందే. దారిలో ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు, చివర 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఉన్నాయి. అయితే ఎక్కడ ఆగాలన్నది నీటి విస్తీర్ణం చూసి తేల్చుకునేది కాదు. అక్కడి చేపల మీద హక్కు ఎవరిదో, వాళ్లు రమ్మంటారో లేదో ముందు తెలుసుకోవాలి.

చెరువు సర్కారుదే కదా, ఒక్క గాలానికి అనుమతి ఎందుకని కొందరు అడుగుతారు. మన చెరువుల్లో చేపలు పట్టే హక్కు ఎక్కువగా మత్స్య సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు ఎన్నో వాటి మీదే బతుకుతున్నాయి. పైగా బొచ్చె, రవ్వ నిలవనీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలపు పారే నీరు కావాలి. అంటే ఊరచెరువులో దొరికే బొచ్చె దాదాపుగా ఎవరో పిల్లగా తెచ్చి వదిలిందే. అడగకుండా దాన్ని పట్టుకుపోవడం పరాయి చేలో కంకులు తెంపుకోవడమే.

వలలతో టన్నులకొద్దీ పడుతుంటే మా గాలం ఎంత అన్నది మరో వాదన. బొచ్చె విషయంలో అందులో నిజముంది. మన రాష్ట్ర చేప కొరమీను సంగతి వేరు. వానలు పడ్డాక ఎర్రని పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే, కిందనే పెద్దచేప కాపలా కాస్తుంది. దగ్గరికొచ్చిన కప్పనైనా, కప్పలాంటి ఎరనైనా ఆకలి లేకున్నా మీదపడి కరుస్తుంది. అందుకే అప్పుడది తేలిగ్గా చిక్కుతుంది. దాన్ని లాగేస్తే పిల్లలు మిగతా చేపల పాలవుతాయి. పట్టి వదిలేస్తామన్నా, అది గట్టుమీద ఉన్న ఆ కాసేపే వాటికి గండం.

కావేరి మీద భీమేశ్వరి దగ్గర ఒకప్పుడు మాసీర్ చేపకు గాలం వేయడానికి దేశవిదేశాల నుంచి వచ్చేవారు. పట్టిన చేపను నదిలో వదిలేవారు. అంతకుముందు దొంగచాటుగా వేటాడినవాళ్లలో కొందరికి అక్కడే కాపలా పని దొరికింది. మన సంఘాలూ రోజు టికెట్ పెట్టి, గట్టుమీద ఒక మనిషిని ఉంచి, వానాకాలంలో కొరమీను గాలం ఆపేస్తే ఆ చేపను కాపాడటమే వాళ్లకు రాబడి అవుతుంది. సాగర్ ఎగువన, అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు మాత్రం అటవీశాఖను అడగకుండా గాలం బయటికి తీయొద్దు.