మీకు తెలుసా? మరబొమ్మకు కథ రాసిందో రచయిత్రి

'స్టార్ వార్స్'లో బంగారు రంగులో మెరిసే సీ-త్రీపీఓ అనే మరమనిషి గుర్తున్నాడా? ఆ రూపానికి మూలం 1927 జనవరి 10న బెర్లిన్‌లో విడుదలైన మూకీ సినిమా 'మెట్రోపోలిస్'లోని మరస్త్రీ. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ పేరు సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు నోటికి వచ్చు. అదే కథను నవలగా రాసి, స్క్రీన్‌ప్లే కూడా రాసింది ఆయన భార్య థియా ఫాన్ హార్బూ. ఆ సంగతి చాలామందికి తెలియదు.

1888లో బవేరియాలో పుట్టింది. వంశం గొప్పదే, ఆస్తి మాత్రం అప్పటికే హరించుకుపోయింది. బతుకుతెరువుకు నాటకాల్లో వేషాలు వేసింది, ఆ పక్కనే నవలలు రాసింది. అవి బాగా అమ్ముడుపోయాయి కూడా. అంటే సినిమా రంగానికి వచ్చేనాటికే ఆమె పేరున్న రచయిత్రి. లాంగ్ చలవతో వెలుగులోకి వచ్చిన మనిషి కాదు.

ఇంకో తమాషా చూడండి. 'మెట్రోపోలిస్'లో ఆ మరస్త్రీని తయారుచేసే పిచ్చి శాస్త్రవేత్త వేషం వేసిన రుడోల్ఫ్ క్లైన్-రోగె ఆమె మొదటి భర్త. మాజీ మొగుడు నటుడు, ఉన్న మొగుడు దర్శకుడు, పాత్ర రాసింది ఈవిడ!

ఆ సినిమాకు డబ్బు నీళ్లలా ఖర్చయింది, తిరిగి రాలేదు. నిర్మించిన ఊఫా సంస్థ కుదేలైంది. యజమానికీ కార్మికులకూ చివర్లో చేతులు కలిపించడం చాదస్తంగా ఉందని విమర్శకులు విరుచుకుపడ్డారు. ఆ నింద ఎక్కువగా ఆమె మీదే పడింది. సెట్లు, వెలుగునీడలు అద్భుతం అన్న మెచ్చుకోలంతా లాంగ్ ఖాతాలోకి వెళ్లింది. బాగున్నదంతా దర్శకుడిది, బాగోలేనిది రచయితది అనే లెక్క ఇవాళ్టిది కాదన్నమాట. అన్నట్టు, 'డాక్టర్ మబూజ', 'నీబెలుంగెన్', 'ఎమ్' సినిమాలకూ ఆమె రచన ఉంది.

రాకెట్ ఎగిరేముందు అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మనకు శ్రీహరికోట ప్రయోగాలతో అలవాటే. సినిమా తెర మీద ఆ ఉత్కంఠ 1929లోనే పండింది. ఆమె నవల ఆధారంగా వచ్చిన 'ఫ్రావు ఇమ్ మోండ్' (చంద్రుడిలో మహిళ) కూడా మూకీయే. నోటితో లెక్కపెట్టే వీల్లేదు కనక అంకెలు తెర మీద ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి. చివరికి 'ఇప్పుడు!' అని పడుతుంది. ఆ లెక్క తన ఆలోచనేనని లాంగ్ తర్వాత చెప్పుకున్నాడు. సినిమాకు సాంకేతిక సలహాదారు హెర్మన్ ఓబెర్త్, రాకెట్ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడు.

మన దేశంతోనూ ఆమెకు గట్టి ముడి ఉంది. 1918లోనే 'డస్ ఇండిషె గ్రాబ్‌మాల్' (భారతీయ సమాధి) అనే నవల రాసింది. బతికున్న రాణికి సమాధి కట్టమని ఓ మహారాజు యూరప్ నుంచి వాస్తుశిల్పిని రప్పించుకుంటాడు. యోగులు, పులులు అన్నీ ఉన్న కథ. 1921లో బెర్లిన్ పక్కన వోల్టర్స్‌డోర్ఫ్‌లో సెట్లు వేసి జో మే దాన్ని సినిమా తీశాడు. అది అసలు భారతదేశం కాదు, యూరప్ వాళ్లు కలగన్న భారతదేశం.

తర్వాత నిజమైన భారతీయుడే ఆమె జీవితంలోకి వచ్చాడు. పేరు ఆయీ టెండూల్కర్ (క్రికెటర్ కాదు లెండి). బెర్లిన్‌లో చదువుకుంటున్న మరాఠీ పాత్రికేయుడు, వయసులో ఆమెకన్నా చాలా చిన్న. 1933లో లాంగ్‌తో విడాకులయ్యాయి. లాంగ్ దేశం వదిలి వెళ్లిపోయాడు. నాజీల రాజ్యంలో ఒక భారతీయుణ్ణి బాహాటంగా పెళ్లాడే వీలు లేక ఆ పెళ్లి గుట్టుగా జరిగింది. యుద్ధం రాకముందే టెండూల్కర్ స్వదేశం చేరాడు. ఇక్కడ బ్రిటిష్ జైలు చూశాడు. 1945లో సేవాగ్రామ్‌లో గాంధీజీ సమక్షంలో ఇంకొకావిడను పెళ్లాడాడు.

మరి థియా? ఆమె జర్మనీలోనే ఉండిపోయింది, నాజీ పార్టీలో చేరింది. జర్మనీలోని భారతీయులకు సాయపడటానికే చేరానని యుద్ధం తర్వాత సంజాయిషీ ఇచ్చుకుంది. సాయం చేసే ఉండొచ్చు. కానీ ఆ ఏళ్లన్నీ ఆ ప్రభుత్వ నీడలోని సినిమాలకే రాసింది. ఉక్కు కర్మాగారం యజమాని తన ఆస్తి మొత్తం దేశానికి రాసిచ్చే 1937 నాటి 'డెర్ హెర్షెర్' రచనలో ఆమెకూ భాగం ఉంది. నాజీలకు అంతకన్నా కావలసిన కథ ఏముంటుంది? ఒంటరిగా మిగిలిన ఆడమనిషి అన్న జాలితో ఈ పేజీని తిప్పేయలేం.

1945లో బ్రిటిష్‌వాళ్లు ఆమెను కొన్ని నెలలు నిర్బంధంలో ఉంచారు. బయటికొచ్చాక, బాంబులకు కూలిన ఇళ్ల శిథిలాలు ఎత్తే కూలిపని చేసింది. 1954లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో తాను రాసిన పాత సినిమా 'డెర్ మ్యూడె టోడ్' ప్రదర్శనకు వెళ్లింది. అయ్యాక కిందపడి గాయపడింది. కొద్ది రోజులకే జూలై 1న కన్నుమూసింది. కొన్నేళ్లకు లాంగ్ జర్మనీ తిరిగొచ్చి, ఆమె 'భారతీయ సమాధి' కథనే రెండు భాగాలుగా తీశాడు. కొంత షూటింగ్ ఉదయపూర్‌లో జరిగింది.

'మెట్రోపోలిస్' చూడదలిస్తే పాత ప్రతుల జోలికి పోకండి. విడుదలైన కొన్నాళ్లకే కత్తెర పడి కథ అతుకులబొంత అయింది. 2008లో బ్యూనస్ ఐరిస్‌లో దొరికిన రీళ్లతో కలిపి 2010లో సిద్ధం చేసిన ప్రతి చూడండి. ఆమె రాసిన కథ చాలావరకు అందులోనే ఉంది.