తపాలా బిళ్ళలు - మన అడవి పండ్లు

తపాలా బిళ్ళ సుంకము చెల్లినదని తెలుపు చీటి మాత్రమే కాదు. ఒక ప్రభుత్వము తన దేశమందు దేనిని గొప్పగా నెంచుచున్నదో దానిని లోకమునకు జాటు చిన్న పటమది. కావున బిళ్ళలను సేకరించు విద్యార్థులు వానిపై నున్న బొమ్మలనే గాక, వానిపై లేనివానిని గూర్చియు నాలోచింపవలెను.

నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు పూర్వము నిజాము రాజ్యములోనివి. ఆ ప్రభుత్వము 1869లో స్వంత తపాలా బిళ్ళలను వెలువరించెను. 1931లో వచ్చిన బిళ్ళలపై చార్మినారు, ఉన్నత న్యాయస్థానము, ఉస్మాన్ సాగరము, అజంతా గుహల ద్వారము, బీదరు కళాశాల, దౌలతాబాదు విజయస్తంభము చిత్రింపబడెను. ఇవి యన్నియు మనుష్యుని చేతిపనులే. మన గుట్టలపై తమంత తాము కాచు పండ్లలో నొకటియు వీనిలో లేదు. 1950లో ఆ తపాలా శాఖ భారత తపాలా శాఖలో గలిసిపోయెను.

ఇతర దేశములలో నిట్టి పండ్లకు గౌరవము లభించినది. ఆఫ్రికాలోని జింబాబ్వే 1991లో తన అడవి పండ్లకే ప్రత్యేకముగా బిళ్ళలు వేసెను. అచటి ప్రసిద్ధమైన మరూలా పండు వానిలో నొకటి. భారతదేశము 2003లో గుగ్గులు, బ్రాహ్మి, అశ్వగంధలతోపాటు ఉసిరికకు 5 రూపాయల బిళ్ళపై స్థానమిచ్చెను. అయితే అది ఓషధుల వరుస. ఉసిరిక మందుగా గౌరవింపబడెనే గాని, ఆకలి దీర్చు పండుగా గాదు.

మన మెట్ట ప్రాంతమున ఋతువున కొక పండు కలదు. వేసవిలో మొర్రి, తునికి, తొలకరిలో నేరేడు, దసరా నాళ్ళలో సీతాఫలము, కార్తీకమున ఉసిరిక, సంక్రాంతికి రేగు. వీనిలో సీతాఫలము అమెరికా ఖండమునుండి వచ్చినదైనను మన రాతిగుట్టలలో తానే మొలచి పెరుగుచున్నది. మహబూబునగరము జిల్లాలోని బాలానగరము పేరు ఆ పండులోని యొక రకమునకు దేశమంతట నిలిచినది. అమ్రాబాదు అడవులలోని చెంచులకు ఇట్టి పండ్లు ఆహారము. కొన్ని జీవనోపాధియు నగును.

కాని పండు కంటె పండు కాని భాగమునకే విలువ హెచ్చినప్పుడు చెట్టునకు కీడు గలుగును. తునికి ఆకు బీడీలకు గావలెను. లేత చిగుళ్ళకొరకు ఏటేట పొదలను నరికినచోట, మొక్క చెట్టుగా నెదిగి కాయుట అరుదు. మొర్రి గింజలోని సారపప్పునకు సంతలో మంచి ధర గలదు. ఇతరులకంటె ముందు కోయవలెనను తొందరలో పచ్చికాయలనే దూయుదురు, కొమ్మలను విరుతురు. పండి నేలరాలు గింజ లేనిదే క్రొత్త మొలక యెక్కడిది? చెట్టు పోయిన పిమ్మట దాని పేరును బిల్లల నోట నుండి మాయమగును.

బిళ్ళపై వేసినంత మాత్రమున చెట్టు బ్రతుకదు. అయినను చిత్రించుటకు ముందు చూడవలెను. చూచినవాడు పేరు నేర్చును. పేరెరిగినవాడు నరుకుటకు వెనుదీయును. కావున విద్యార్థులారా, ఈ సంవత్సరము మీ యూరి గుట్టపై కాచు పండు నొకదానిని బిళ్ళయంత కాగితముపై చిత్రింపుడు. దాని పేరును, కాచు మాసమును మీ అవ్వ నడిగి క్రింద వ్రాయుడు. విలువ యెంత వేయవలెనో మీరే నిర్ణయింపుడు.