కమలాపండ్ల మీగడపానీయం

చింతపల్లి, పాడేరు మన్యపు కొండలలో పండే కమలాలు శీతకాలంలో సంతలకు దిగుతాయి. వాటి రసంలో పాలు పోసి, విరిగిపోగా పారబోసిన గృహిణులు ఎందరో! దోషం పండుది కాదు. పులుపు హెచ్చి పి.హెచ్. విలువ 4.6 దరిదాపులకు దిగితే పాలలోని కేసీన్ గడ్డకడుతుంది; వెచ్చదనం ఆ పనిని త్వరపరుస్తుంది. పెరుగు ముందే తోడుకున్నది గనుక దానికి ఈ భయం లేదు. పులియని పెరుగుమీది మీగడే ఇందుకు శ్రేష్ఠం.

నాలుగు కమలాల తొనల గింజలు తీసివేసి రసం పిండవలెను. గింజ నలిగితే చేదు తప్పదు. గరిటెడు మీగడలో పంచదార, చిటికెడు ఉప్పు వేసి కవ్వంతో నున్నగా చిలుకుతూ, రసాన్ని సన్నని ధారగా పోయవలెను. అతిగా చిలికితే వెన్న తేలుతుంది సుమండీ! నిలువ ఉంచక వెంటనే త్రాగవలెను. అరకులోయ చలికి మంచుగడ్డతో పనిలేదు. మైదానాలవారు గిన్నెను కుండనీటిలో కొంతసేపు నిలిపితే చాలు.