కండ్లకలక – హారతికి ముందు ఒక జాగ్రత్త

2023 వర్షాకాలంలో తెలుగునాట కండ్లకలక ప్రబలినప్పుడు, అమీర్‌పేట వసతిగృహంలోని నా నర్సింగ్ విద్యార్థినులు రోగి ముఖం చూడడానికే జంకారు. “చూపుతో కాదు, చేతులతో అంటుతుంది” అని బోధించాను.

నీరు కారితే సాధారణంగా వైరస్. చిక్కని పుసి కడితే బాక్టీరియా. దురద ఎక్కువైతే అలర్జీ. వైరస్ వలన కలిగినది చాలావరకు రెండు మూడు వారాలలో తానే శమిస్తుంది. తడిదూదితో ముక్కు వైపు నుండి వెలుపలికి తుడవాలి. ప్రతిసారీ కొత్త దూది వాడాలి. తువ్వాలు, కాటుక పంచుకోరాదు. వైద్యుడు చెప్పనిదే స్టెరాయిడ్ చుక్కలు వేయరాదు; చూపుకే చేటు. తీవ్రమైన నొప్పి, మసక చూపు ఉంటే వెంటనే నేత్రవైద్యుని ఆశ్రయించాలి.

ఆ రోజులలోనే పంజాగుట్టలో ఒక ఆలయానికి వెళ్ళి, వరుసలో కమ్మీలు పట్టుకున్న చేతులతోనే హారతి కళ్ళకద్దుకోబోయి ఆగిపోయాను.

భక్తులారా, హారతికి ముందు చేతులు కడుగుకొనండి. కళ్ళు ఎర్రబడితే తగ్గేవరకు ఇంటనుండే నమస్కరించండి. తోటివారి కంటిని కాపాడడమూ సేవయే.