ప్రసంగాలకు పిలుపు ఎవరికి?

జర్మనీ రాజధాని బెర్లిన్‌లో ‘ఆల్ సిస్టమ్స్ గో’ అనే సభ జరుగుతుంది. లినక్స్ అడుగు పొరలలో పనిచేసే ప్రోగ్రామర్లు అక్కడ కలుసుకుంటారు. 2015, 2016 సంవత్సరాలలో ‘సిస్టమ్‌డి’ అనే ఒక్క ప్రాజెక్టు పేరిట జరిగిన సమావేశం 2017లో పరిధిని విస్తరించుకొని ఈ పేరు ధరించింది. సభకు కొన్ని నెలల ముందు నిర్వాహకులు ప్రసంగ ప్రతిపాదనలను ఆహ్వానిస్తారు. కోలారు, బళ్ళారి, హొసూరు ప్రాంతాల నుంచి ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లల ఇళ్ళలో ఇటువంటి పిలుపు ఆచార్యులకో, పెద్ద సంస్థల వారికో వచ్చినదని భావించడం సహజం. నిజానికి అది ఆ పని చేసిన ఎవరికైనా వచ్చిన పిలుపే.

ముందుగా ఆ పని ఏమిటో తెలియాలి. చేలో పైరు అందరికీ కనిపిస్తుంది. చెరువు, తూము, కాలువ లేనిదే ఆ పైరు లేదు. కంప్యూటరులో ఉత్తరం రాసుకునే, లెక్కలు చూసుకునే ప్రోగ్రాములు పైరు వంటివి. యంత్రాన్ని మేలుకొలిపేది, మెమరీని పంచేది, తెరపై అక్షరాన్ని కూర్చేది అడుగున ఉండే వ్యవస్థ. దానిని నిర్మించడమే సిస్టమ్స్ ప్రోగ్రామింగ్. 2008లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైన మరో లినక్స్ సభ ‘ప్లంబర్స్’ అనే పేరు పెట్టుకున్నది ఇందుకే.

ఆ అడుగు పొర తెలుగువారికి ఎంత దగ్గరిదో 2018 ఫిబ్రవరిలో తెలిసివచ్చింది. ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షర క్రమం తెరపైకి రాగానే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ అదే నెల 19న 11.2.6 సంచికను విడుదల చేసి దోషాన్ని సరిదిద్దింది. అంతవరకు తెలుగు ఎరిగినవారు చేయగలిగినది వేచి ఉండటమే, ఎందుకంటే ఆ కోడ్ సంస్థ గోడల లోపల ఉంది. ఓపెన్ సోర్స్‌లో పరిస్థితి వేరు. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబర్ఆఫీస్‌లలో తెలుగు ఒత్తులను, గుణింతాలను కూర్చే ‘హార్ఫ్‌బజ్’ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, దోషం కనిపిస్తే సవరణ పంపవచ్చు. అలా సవరించినవారు తమ అనుభవాన్ని తోటివారికి చెప్పుకునే వేదికలే ఈ సభలు.

ప్రతిపాదన అంటే పరిశోధన పత్రం కాదు. ఒక శీర్షిక, ఒకటి రెండు పేరాల సారాంశం, వక్త గురించి నాలుగు మాటలు ఉంటే సాధారణంగా సరిపోతుంది. కష్టమంతా సారాంశంలోనే ఉంది. ‘లినక్స్ భద్రత: ఒక పరిచయం’ అని రాస్తే ఎంపిక సంఘం పక్కన పెట్టే అవకాశమే ఎక్కువ, పరిచయం పుస్తకాలలో దొరుకుతుంది. ‘తక్కువ మెమరీ గల పాఠశాల కంప్యూటర్లు మేలుకోవడానికి ఎందుకు ఆలస్యమవుతున్నాయి, కొలిస్తే ఏమి తేలింది, ఏది మార్చాము’ అని రాస్తే చదివేవారు ఆగుతారు. సమస్య ఏమిటి, ఏ ప్రయత్నం విఫలమైంది, చివరికి ఏది పనిచేసింది, విన్నవారు ఏమి తీసుకుపోగలరు అన్నవి అందులో ఉండాలి. విఫలమైన ప్రయత్నాన్ని దాచనవసరం లేదు. తోటి పనివారికి దానిమీదనే ఆసక్తి ఎక్కువ. కోడ్ బహిరంగంగా ఉంటే దాని చిరునామా ఇవ్వాలి. కళాశాల పేరుకన్నా అదే బలమైన సాక్ష్యం.

సరిహద్దు పిల్లలకు మరొక అనుకూలత ఉంది. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివినవారికి రెండు లిపులు కలిసిన చోట వచ్చే చిక్కులు చేతి అనుభవం. యూనికోడ్‌లో తెలుగు, కన్నడ లిపుల పట్టికలు పక్కపక్కనే ఉన్నాయి. రూపంలో పోలిన అక్షరాలకు కూడా వేర్వేరు సంకేతాలు ఉన్నాయి. రెండు లిపులలో ఉన్న ఊరి పేర్లను యంత్రం ఎలా వెతకాలి, ఎలా వరుసలో పెట్టాలి అన్నది చక్కని ప్రసంగ విషయం. ఇంగ్లీషు ఉచ్చారణ గురించి బెంగ అక్కరలేదు. బెర్లిన్ శ్రోతలలో చాలామందికి కూడా అది మాతృభాష కాదు.

డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ‘మీ పత్రం ఆమోదించాము, రుసుము కట్టండి’ అంటూ విద్యార్థులకు ఉత్తరాలు పంపే బూటకపు సదస్సులు ఎన్నో ఉన్నాయి. ఓపెన్ సోర్స్ సముదాయాల సభలలో ప్రసంగాన్ని ఎంపిక చేసినందుకు సొమ్ము అడిగే ఆచారం లేదు. వక్తకు ప్రవేశ రుసుము కూడా సాధారణంగా ఉండదు. ప్రయాణ ఖర్చుకు కొన్ని సభలు సాయం చేస్తాయి. ప్రతిపాదన పంపేటప్పుడే అడగడం మంచిది. పాస్‌పోర్టు ముందే ఉండాలి. జర్మనీకి కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి.

అంత దూరం వెళ్ళకుండానే ఆరంభించాలనుకునేవారికి బెంగళూరు ఉంది. 2001లో ‘లినక్స్ బెంగళూరు’గా మొదలై 2005లో ‘ఫాస్ డాట్ ఇన్’గా పేరు మార్చుకున్న సభ 2012తో ముగిసింది. ఇటీవలి సంవత్సరాలలో ఫాస్ యునైటెడ్ సంస్థ ‘ఇండియాఫాస్’ను అదే నగరంలో నిర్వహిస్తోంది. బెర్లిన్ ప్రసంగాల వీడియోలను ఉచితంగా చూడవచ్చు. నాలుగైదు చూస్తే ఎటువంటి విషయాలు ఎంపికవుతాయో బోధపడుతుంది.

గడువు తేదీ చూసేటప్పుడు అది ఏ దేశపు సమయమో గమనించాలి. వేసవిలో బెర్లిన్ అర్ధరాత్రి అంటే ఇక్కడ తెల్లవారుజామున 3:30.