విద్యార్థులలో ముఠాలు

స్నేహము వేఱు, ముఠా వేఱు. నలుగురు బాలురు కలిసి తిరుగుటలో దోషమేమియు లేదు. పండ్రెండేండ్లు దాటిన పిల్లలకు తల్లిదండ్రులకంటె తోడివారి మాటయే వేదవాక్కగుట సహజము. కాని పరునొకనిని తమ పంక్తిలోనికి రానీయకుండుటయే గొప్పతనముగా నెంచు కూటమిని పెద్దలు వెంటనే కనిపెట్టవలసియున్నది.

కరీంనగరము జిల్లా చొప్పదండియందు జవహర్ నవోదయ విద్యాలయము గలదు. 1986 జాతీయ విద్యావిధానము ననుసరించి వెలసిన యీ తెగ విద్యాలయములలో ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు పిల్లలచ్చటనే నివసించి చదువుదురు. నూటికి 75 స్థానములకు తక్కువ గాకుండ గ్రామీణులవి. పిల్లలను అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి యను నాలుగు గృహములుగా విభజింతురు. కులమును, ఊరును, తండ్రి భూవసతిని బట్టి యేర్పడు గుంపులకు మాఱుగా కొండల పేర గుంపులు గట్టుట మెచ్చదగిన యుపాయమే. అయినను తొమ్మిదవ తరగతిలో క్రొత్తగా చేరిన బాలునకు, హిందీ సీమనుండి యొక యేటికై వచ్చిన బాలునకు, మూడేండ్లుగా కలిసి పెరిగిన స్నేహముల నడుమ చోటు దొరకుట సులభము గాదు.

ఉపాయమునకును హద్దు గలదు. 1954లో అమెరికాలోని ఓక్లహోమాయందు ముజఫర్ షెరీఫ్ అను పండితుడు 22 మంది బాలురను రెండు శిబిరములుగా జేసి పందెములు పెట్టెను. కొలది దినములలోనే వారు ఒండొరుల జెండాలను తగులబెట్టిరి. ఒకేచోట భోజనము పెట్టినను వైరము శమింపక, అన్నము విసరుకొనిరి! నీటి సరఫరా నిలిచిపోయినపుడు, బండి కదలనపుడు, ఉభయులును చేయి కలుపవలసివచ్చెను. అట్టి పనుల వలననే క్రమముగా పగ తగ్గెను.

ఉపాధ్యాయుడు ముఠాను గుర్తించుటకు తరగతిలోకంటె భోజనశాలలోను, ఆటస్థలములోను చూడవలెను. జట్టు కట్టునపుడు ప్రతిదినము కడపట పిలువబడు వాడెవడు? ఆటల వేళకే తలనొప్పి వచ్చు బాలిక యెవరు? నీ ప్రక్కన నెవరు కూర్చుండవలెనని పిల్లలనడిగి పటము గీయు పద్ధతిని మొరీనో 1934 నాటి గ్రంథమున వివరించెను. ఆ పటములో ఎవ్వరును పేర్కొనని బిడ్డనే ముందు చూడవలెను. ఇంటినుండి బడికి పోవు పిల్లలకు వాట్సాప్ గుంపొకటి యదనముగా దాపురించినది. అందుండి వెలివేయుట వ్రేలికొస పని.

అయితే ఈ వెలి విద్య పిల్లలకు బడిలోనే పుట్టినదా? మన యరుగుపై నెవరు కూర్చుండవచ్చునో, ఎవరు వాకిట నిలువవలెనో వారు పసినాటినుండి చూచుచునే యున్నారు. "వాడు మనవాడు కాడు" అను మాట వారు మన నోటనే వినిరి.

బిడ్డను చూడబోవు తండ్రి మార్కుల మాట తరువాత నడుగవచ్చును. నీ ప్రక్కన భుజించు వాడెవడని ముందడుగవలెను. వాడు తడుముకొన్నచో, గృహాధ్యక్షునితో మాటలాడిన పిదపనే బస్సెక్కుట మంచిది.